నమ్ముకుని పనిచేస్తే సరిపోదు: మీ నడవడిక అప్రైజల్ లెక్కలోకి రావాలంటే ఏం చేయాలి

టీమ్ లీడ్ హోదాలో మొదటిసారి రేటింగుల మీటింగులో కూర్చున్న రోజు నాకు ఇంకా గుర్తుంది. గచ్చిబౌలిలో ఒక ఆఫీసు, మార్చి నెల. ఆరుగురు మేనేజర్లు, ఒక హెచ్‌ఆర్ మేడమ్, తెర మీద 40 పేర్లున్న ఎక్సెల్ షీటు. ఒక్కో పేరుకు మూడు నాలుగు నిమిషాలకు మించి దొరకలేదు. ఒక పేరు రాగానే అతని మేనేజర్, "చాలా మంచి మనిషండీ, ఏడేళ్ల నుంచి మనతోనే ఉన్నాడు, ఏ పని చెప్పినా కాదనడు" అన్నారు. "ఈ ఏడాది ప్రత్యేకంగా ఏం చేశారు?" అని హెచ్‌ఆర్ మేడమ్ అడిగారు. ఆయన దగ్గర జవాబు లేదు. రేటింగ్ 3 దగ్గర ఆగిపోయింది.

ఆ తర్వాతి పేరు రెండేళ్ల అనుభవం ఉన్న ఒక అమ్మాయిది. "దసరా సెలవుల్లో పేమెంట్ల బ్యాచ్ ఆగిపోయింది. ఆన్‌కాల్ (పిలిస్తే రావాల్సిన వంతు) ఆమెది కాదు, అయినా లైన్లోకి వచ్చి తెల్లారేలోపు నడిపించింది. మర్నాడు అసలు ఎందుకు ఆగిందో రెండు పేజీలు రాసి అందరికీ పంపింది" అని ఆమె మేనేజర్ చెప్పారు. ఎవరూ మారు మాట్లాడలేదు. రేటింగ్ 4.

ఆ ఏడేళ్ల మనిషితో నేను పనిచేశాను. కొత్తగా చేరిన పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించేవాడు. ఎవరి మీదా నేరం వేసేవాడు కాదు. ఆ మంచితనమంతా నిజమే, కానీ ఆ గదిలో చెప్పడానికి ఒక్క సంఘటన కూడా ఎవరి నోటికీ రాలేదు. ఆ రోజు నుంచి నేను నా టీమ్‌లో అందరికీ చెబుతున్నది ఒకటే. మీ నడవడిక, కంపెనీని నమ్ముకుని ఉండటం రేటింగ్‌ను తప్పకుండా మారుస్తాయి, అయితే అవి ఫలానా రోజున ఫలానా వాళ్లు చూసిన పనిగా ఆ గదిలోకి చేరాలి. అలా చేర్చడానికి ఏడాది పొడవునా ఏం చేయాలో వరసగా చెబుతాను.

1. ఫారాన్ని ఏప్రిల్‌లోనే తెరవండి

చాలామంది అప్రైజల్ ఫారాన్ని గడువుకు రెండు రోజుల ముందు తెరుస్తారు. ఏడాది మొదట్లోనే తెరిచి చదవండి. ప్రైవేటు కంపెనీల ఫారాల్లో సాధారణంగా లక్ష్యాల కింద 'విలువలు', 'బిహేవియర్', 'కాంపిటెన్సీలు' లాంటి పేరుతో ఇంకో భాగం ఉంటుంది. దానికి ఎంత శాతం ఇచ్చారో చూడండి. రాసి లేకపోతే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి అడగండి.

కేంద్ర ప్రభుత్వంలో ఇది దాపరికం లేకుండా రాసి ఉంటుంది. కవాడిగూడ సీజీఓ టవర్స్ లాంటి చోట్ల పనిచేసేవారికి తెలిసిందే, ఏపీఏఆర్ (ఏటా రాసే పనితీరు నివేదిక) మార్కుల్లో సాధారణంగా పని ఫలితానికి 40 శాతం, వ్యక్తిగత లక్షణాలకు 30 శాతం, పని నైపుణ్యానికి 30 శాతం ఇస్తారు. వంద మార్కుల్లో 30 మీ క్రమశిక్షణకు, బాధ్యతకు, నలుగురితో కలిసి పనిచేసే తీరుకు అన్నమాట.

జీడిమెట్ల, పాశమైలారం వైపు ఫ్యాక్టరీల్లో ఫారం చిన్నగానే ఉంటుంది. హాజరు, షిఫ్టు అప్పగింత, భద్రతా నియమాలు, రికార్డులు చూస్తారు. మందుల కంపెనీల్లో పనిచేసేవారికి రికార్డుల విషయం మరీ ముఖ్యం. ఉదయం 10 గంటలకు చూసిన రీడింగును సాయంత్రం గుర్తు చేసుకుని బ్యాచ్ రికార్డులో రాయడం అక్కడ చిన్న పొరపాటు కాదు, తనిఖీకి వచ్చినవాళ్లు దాన్ని డేటా నిజాయితీ లోపంగానే చూస్తారు. చూసినప్పుడే రాయడం, తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేసి తేదీ వేసి సంతకం పెట్టడం ఆ పరిశ్రమలో నడవడికకు మొదటి గుర్తు.

2. ఏ నడవడిక నలుగురి నోటా వస్తుందో తెలుసుకోండి

నడవడిక అంటే మేనేజర్‌కు గుడ్ మార్నింగ్ చెప్పడం, పుట్టినరోజు కేక్ తెప్పించడం కాదు. 1994లో అమెరికా వైమానిక దళ మెకానిక్‌ల మీద ఒక పరిశోధన వచ్చింది. యంత్రం బాగుచేసే నైపుణ్యం ఒక పక్క, తోటివారికి సాయపడటం, నియమాలు పాటించడం, అడగకముందే పూనుకోవడం మరో పక్క పెట్టి చూశారు. పై అధికారి ఇచ్చే మొత్తం మార్కు మీద ఆ రెండో పక్క ప్రభావం కూడా విడిగా ఉందని తేలింది.

అంతకంటే పాత విషయం ఇంకోటి ఉంది. 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సైన్యంలో పై అధికారులు కిందివారికి వేసిన మార్కులను పరిశీలించాడు. శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడిక అన్నింటికీ విడివిడిగా మార్కులు వేయమంటే, ఒకదాంట్లో ఎక్కువ వేసినవారికి మిగతా వాటిలోనూ ఎక్కువే వేశారు. దీన్నే హేలో ఎఫెక్ట్ అంటారు. ఇది రెండు వైపులా పనిచేస్తుంది. మీరు స్టాండప్ మీటింగుకు (టీమ్ రోజూ పెట్టుకునే చిన్న మీటింగు) రోజూ ఐదు నిమిషాలు ఆలస్యంగా వస్తే, మీ కోడ్ ఎంత బాగున్నా "కొంచెం సీరియస్‌నెస్ తక్కువ" అనే మాట పడుతుంది. అది న్యాయం కాదు. కానీ దిద్దుకోవడం మీ చేతిలో ఉన్న పని కాబట్టి ముందు దాన్ని దిద్దుకోండి.

నేను ఇన్నేళ్లుగా రేటింగుల గదుల్లో విన్నవాటిలో అన్నిటికంటే బలంగా పనిచేసేది చెడ్డవార్తను ముందే చెప్పే అలవాటు. గురువారం ఇవ్వాల్సిన పని కాదని సోమవారమే చెప్పే మనిషిని మేనేజర్లు ఎప్పటికీ మరిచిపోరు. బుధవారం రాత్రి చెప్పేవారినీ మరిచిపోరు. ఆ తర్వాత స్థానం సెలవు మీద వెళ్లేటప్పుడు పనిని ఎలా అప్పగించి వెళ్లారన్నదానిది. ఆపైన, క్లయింట్ కాల్‌లో తోటివారి తప్పు బయటపడినప్పుడు "అది వాళ్ల మాడ్యూల్" అనకుండా "మేం చూసి సాయంత్రంలోగా చెబుతాం" అనగలగడం.

హైదరాబాద్ ఆఫీసుల్లో ఇంకో విషయం కూడా ఉంది, దీన్ని మొహం మీద చెప్పేవారు తక్కువ. టీమ్‌లో ఒడియా అబ్బాయి, తమిళ అమ్మాయి, ఢిల్లీ నుంచి వచ్చిన మేనేజర్ ఉంటారు. పని గురించిన నిర్ణయాలను మనం నలుగురం తెలుగులో మాట్లాడేసుకుని వచ్చేస్తాం. మనకు అందులో చెడు ఉద్దేశం ఉండదు. వాళ్లకు మాత్రం తమను పక్కన పెట్టినట్టు అనిపిస్తుంది, ఏడాది చివర్లో తోటివారి ఫీడ్‌బ్యాక్‌లో అది కనిపిస్తుంది. టీ దగ్గర కబుర్లు మన భాషలోనే చెప్పుకుందాం. పని గురించి అనుకున్నది మాత్రం అందరికీ తెలిసిన భాషలో గ్రూపులో ఒక వాక్యం రాసి పెట్టండి.

3. శుక్రవారం పది నిమిషాలు కేటాయించండి

ఈ వ్యాసంలో ఒక్క పనే చేస్తానంటే ఇదే చేయండి. ప్రతి శుక్రవారం క్యాబ్ ఎక్కే ముందు పది నిమిషాలు కూర్చుని ఆ వారంలో జరిగింది రాయండి. మేనేజర్‌కు ఫిబ్రవరి, మార్చి గుర్తుంటాయి, జూన్ గుర్తుండదు. మీకు కూడా గుర్తుండదు, ఎప్పుడైనా ప్రయత్నించి చూడండి.

రాయాల్సినవి నాలుగే: తేదీ, ఏం జరిగింది, ఎవరు చూశారు, దానివల్ల ఏం మిగిలింది. ఉదాహరణకు:

"జులై 12. కొత్తగా చేరిన ఇద్దరికి బిల్లింగ్ మాడ్యూల్ మూడు రోజులు నేర్పాను. లీడ్‌కు తెలుసు. 22వ తేదీ నుంచి ఇద్దరూ సొంతంగా టికెట్లు మూస్తున్నారు."

"సెప్టెంబర్ 3. వర్షానికి నీళ్లు నిలిచి సగం టీమ్ రాలేకపోయింది. ఉదయం షిఫ్టు వాళ్ల పని కూడా ఇంటి నుంచి చూశాను. క్లయింట్ వైపు మేనేజర్ థాంక్స్ మెయిల్ పెట్టారు. ఒక్క ఎస్కలేషన్ కూడా రాలేదు."

"బాగా సహకరించాను", "కష్టపడ్డాను" అని రాయకండి. ఆరు నెలల తర్వాత ఆ మాటలు మీకే అర్థం కావు. మీ తప్పులు కూడా రాసుకోండి. "నవంబర్ 8. తప్పు ఫైలు పంపాను, అరగంటలో నేనే గుర్తించి చెప్పాను. ఇప్పుడు పంపేముందు చూసుకోవడానికి చెక్‌లిస్టు పెట్టుకున్నాను." తప్పు ఒప్పుకుని దిద్దుకున్న సంఘటన గదిలో మంచి బలం ఇస్తుంది, నేను చూశాను.

ఒక జాగ్రత్త. ఆ నోట్స్‌లో కస్టమర్ల వివరాలు, కోడ్, స్క్రీన్‌షాట్లు పెట్టకండి. ఆఫీసు మెయిళ్లను సొంత జీమెయిల్‌కు పంపుకోకండి. మీ మంచి పేరు కోసం మొదలుపెట్టిన పని సెక్యూరిటీ నోటీసుతో ముగుస్తుంది. మీ మాటల్లో రెండు వాక్యాలు చాలు.

4. గడిచిన ఏళ్లను పనిగా మార్చి చెప్పండి

నాకు బాధ కలిగించేది ఈ విషయమే, అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను. ఎనిమిదేళ్లు, పదేళ్లు ఒకే చోట ఉన్నవాళ్లు "ఇన్నేళ్లు నమ్ముకుని ఉన్నాను, వాళ్లే చూసుకుంటారు" అనుకుంటారు. ఫారంలో ఏళ్లకు గడి ఉండదు. ఐదేళ్ల పిన్ను, పదేళ్ల మెమెంటో వేరు, రేటింగ్ వేరు. పైగా బయటి నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు మార్కెట్ జీతం ఇవ్వాల్సి వస్తుంది, లోపల ఉన్నవారికి ఏడాదికి ఇంత శాతం అని పెరుగుతుంది. అలా పక్క సీటులో తక్కువ అనుభవంతో ఎక్కువ జీతం తీసుకునేవాళ్లు కనబడతారు. ఇది మీ మీద ద్వేషంతో చేసేది కాదు, బడ్జెట్ కట్టే తీరే అంత.

ఏళ్లు ఉండటం వల్ల మీ దగ్గర చేరినది ఏమిటో కాగితం మీద పెట్టండి. పాత సిస్టమ్ ఎక్కడ విరుగుతుందో మీకు తెలుసు. ఫలానా క్లయింట్ ఏ నెలలో ఏది అడుగుతాడో తెలుసు. ఎంతమంది కొత్తవాళ్లను తయారు చేశారు? సగం టీమ్ మానేసిన ఏడాది మీరు ఆగి ఏ రిలీజ్‌ను గట్టెక్కించారు? కంపెనీకి విలువ వీటిలో ఉంది. "ఎనిమిదేళ్ల నుంచి ఉన్నాను" అనే మాట బదులు "ఈ ఏడాది మూడు పెద్ద సమస్యలను గంటలోపు తేల్చగలిగాం, 2019లో ఆ సిస్టమ్‌ను కట్టినప్పుడు నేను ఉన్నాను కాబట్టి" అనండి.

ఇక్కడ నేను స్వయంగా దెబ్బతిన్నాను. నా ఆరో ఏట ఒక మాడ్యూల్ మొత్తం నాకొక్కడికే తెలుసు. అదే నా భద్రత అనుకున్నాను. పెద్ద ప్రాజెక్టులో అవకాశం వచ్చినప్పుడు "నువ్వు కదిలితే ఇక్కడ ఎవరు చూస్తారు?" అని ఆపేశారు. ఆ ఏడాది ప్రమోషన్ జాబితాలో కూడా పేరు లేదు, ఎందుకంటే పై స్థాయి పని నేను చేసినట్టు చూపించడానికి ఏమీ లేదు. అప్పటి నుంచి నాకు తెలిసినదాన్ని రాసిపెట్టి, ఇద్దరికి నేర్పి, ఆ నేర్పడాన్నే నా పనిగా చూపించడం మొదలుపెట్టాను. మీరు కూడా ఏడాది మొదట్లో "ఈ మాడ్యూల్‌కు మరో ఇద్దరిని తయారు చేయడం" అని ఒక లక్ష్యంగా రాయించుకోండి.

మనిషికి విధేయంగా ఉండటం, సంస్థకు విశ్వాసంగా ఉండటం ఒకటి కాదన్నది కూడా గుర్తుంచుకోండి. మేనేజర్ చెప్పిన ప్రతిదానికీ తల ఊపితే ఆయన ఉన్నంతకాలం గడుస్తుంది. ఏడాది మధ్యలో ఆయన మారిపోతే మీ కథ ఆయనతోనే వెళ్లిపోతుంది. మేనేజర్ మారుతున్నారని తెలిసిన రోజే "సర్, ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా నా పని మీద నాలుగు లైన్లు సిస్టమ్‌లో రాసి వెళ్లగలరా?" అని అడగండి. చాలామంది సంతోషంగా రాస్తారు.

వేరే కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్ చూపించి హైక్ అడగడం గురించి కూడా అడుగుతుంటారు. వెళ్లడానికి నిజంగా సిద్ధపడితేనే చూపించండి. ఒకసారి చూపించాక, తర్వాతి పెద్ద ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు "ఈయన ఉంటారా?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఊరికే బెదిరించడానికి వాడితే ఏళ్లుగా కూడబెట్టిన నమ్మకం ఒక్క పూటలో కరిగిపోతుంది.

సర్వీసుకు చట్టం కట్టిన విలువ ఒకటి ఉంది, అది ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇవ్వాల్సిన గ్రాట్యుటీ. శాశ్వత ఉద్యోగికి 5 ఏళ్ల నిరంతర సర్వీసు నిండితే హక్కు వస్తుంది. లెక్కకు తీసుకునే నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణిస్తారు. ఆ వేతనం 52,000 అయి, 6 ఏళ్లు చేసి ఉంటే 1,80,000 రూపాయలు. నాలుగేళ్లు దాటి ఉన్నప్పుడు ఒక రేటింగ్ మీద కోపంతో రాజీనామా రాసేముందు ఈ లెక్క వేసుకోండి.

5. సెప్టెంబరు, అక్టోబరులోనే అడగండి

మార్చిలో మాట్లాడితే దిద్దుకోవడానికి నెలలు మిగలవు. సగం ఏడాది దగ్గర మేనేజర్‌తో అరగంట సమయం అడగండి. ఇలా మాట్లాడవచ్చు:

"మేడమ్, నా పని తీరు గురించి ఒక అరగంట మాట్లాడాలనుకుంటున్నాను. ఇవాళే రేటింగ్ వేయాల్సి వస్తే నాకు ఎంత వేస్తారు?"

"బాగానే చేస్తున్నావు. కాకపోతే కొంచెం ఓనర్‌షిప్ పెరగాలి."

ఇక్కడ "సరే మేడమ్" అని లేచి రాకండి. "ఈ మధ్య ఎక్కడ అలా అనిపించిందో ఒక్క సందర్భం చెప్పండి మేడమ్, దిద్దుకోవడానికి నాకు తేలికవుతుంది" అనండి. 'ఓనర్‌షిప్', 'యాటిట్యూడ్', 'మెచ్యూరిటీ' అనే మాటలు సంఘటన లేకుండా వస్తే వాటిని దిద్దుకోలేం. సందర్భం చెబితే వాదించకుండా వినండి. బయటికి వచ్చాక "మనం మాట్లాడుకున్న మూడు విషయాలు ఇవి, డిసెంబరులో మళ్లీ చూద్దాం" అని చిన్న మెయిల్ పెట్టండి.

6. కాదనాల్సి వచ్చినప్పుడు ఇంకో దారి చూపండి

రాత్రి తొమ్మిది దాకా సీటులో కూర్చోవడాన్ని లాయల్టీగా చూసే మేనేజర్లు ఇంకా ఉన్నారు. మియాపూర్ అవతల ఇల్లు, ఆరింటికి డేకేర్ మూసేస్తారు, రాయదుర్గం నుంచి అమీర్‌పేటకు వెళ్లి రైలు మారాలి. అలాంటివారు తప్పు చేసినట్టు తలొంచుకుని బయటికి నడవాల్సిన అవసరం లేదు. "ఐదున్నరకు బయల్దేరతాను సర్, తొమ్మిదికి అరగంట లాగిన్ అయి స్టేటస్ పెడతాను" అని మొదటి నెలలోనే చెప్పి, చెప్పినట్టు చేయండి. మాట మీద నిలబడటం కనిపిస్తే గంటల లెక్క వెనక్కి పోతుంది.

శనివారం పని అడిగితే, కుదరకపోతే, ఉత్త 'కుదరదు' వద్దు. "శనివారం ఊరికి వెళ్తున్నాను, శుక్రవారం రాత్రికల్లా సగం ఇస్తాను, మిగతాది సోమవారం 11కి" అనండి. ప్రసూతి సెలవుకు వెళ్లేవారు వెళ్లేముందే అప్పటిదాకా చేసిన పనికి మేనేజర్ చేత రాతపూర్వకంగా అభిప్రాయం రాయించుకోండి. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు చట్టం ఇచ్చిన హక్కు, ఆ సెలవులో ఉండగా ఉద్యోగ షరతులను తల్లికి నష్టం కలిగేలా మార్చకూడదు.

7. సెల్ఫ్ అప్రైజల్‌ను మేనేజర్ చదివి వినిపించేలా రాయండి

ఆ గదిలో మీ మేనేజర్ మీ ఫారాన్నే చూసి మాట్లాడతారు. శుక్రవారం నోట్స్‌లోంచి ఐదు సంఘటనలు మాత్రమే ఎంచుకోండి, యాభై వద్దు. ఒక్కోటి రెండు వాక్యాలు. టీమ్ చేసినదాన్ని 'నేను' అని రాయకండి, మీరు చేసినదాన్ని 'మేము' అని దాచకండి. మన పెంపకంలో సొంత గొప్ప చెప్పుకోకూడదని ఉంటుంది, నాకూ అదే ఇబ్బంది ఉండేది. తేదీతో, చూసినవారి పేరుతో జరిగింది జరిగినట్టు రాస్తే అది గొప్ప చెప్పుకోవడం కాదు.

8. రేటింగ్ వచ్చాక

తక్కువ వచ్చినా ఆ రోజు ఏమీ రాయకండి. రెండు రోజులు ఆగి మూడు ప్రశ్నలు అడగండి: ఏ లక్ష్యంలో తగ్గింది, ఏ నడవడిక వల్ల తగ్గింది, ఒక్క మెట్టు పైకి రావడానికి ఏం కనబడాలి. "బెల్ కర్వ్‌లో పట్టలేదు" (పై రేటింగుల కోటాలో చోటు లేదు) అని జవాబు వస్తే, మీ మొదటి రేటింగ్ ఎంత, నార్మలైజేషన్ (కోటాకు సరిపెట్టడం) తర్వాత ఎంత అని మర్యాదగా అడగండి. ఇంతమందికి ఇంతే అని ముందే కోటాలు పెట్టే పద్ధతిని మైక్రోసాఫ్ట్ లాంటి సంస్థ 2013లోనే వదిలేసింది, చాలా చోట్ల ఇంకా నడుస్తోంది. మేనేజర్ జవాబు చాలకపోతే పై మేనేజర్‌తో మాట్లాడండి, మీ మేనేజర్‌కు చెప్పే వెళ్లండి. వెనక నుంచి వెళ్తే అదే మీ మీద ముద్రగా మిగులుతుంది.

ప్రభుత్వోద్యోగులకు ఇక్కడ గట్టి హక్కు ఉంది. వార్షిక రిపోర్టులోని ప్రతి ఎంట్రీని, అది 'గుడ్' అయినా సరే, ఉద్యోగికి తెలియజేయాలని 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రమోషన్‌కు 'వెరీ గుడ్' కావాల్సిన చోట 'గుడ్' కూడా నష్టమే చేస్తుంది కదా. కేంద్ర ఉద్యోగులు ఏపీఏఆర్ చేతికి వచ్చిన 15 రోజుల్లో అభ్యంతరం రాయవచ్చు. ఆ గడువును కోపంలో వృథా చేయకండి, మీ నోట్స్ ముందు పెట్టుకుని పేరా పేరాకూ జవాబు రాయండి.

మీరే ఇంకొకరికి రేటింగ్ ఇచ్చే స్థానంలో ఉంటే, ఆ మీటింగుకు వెళ్లేముందు రోజు ఒక్కో పేరు పక్కన ఒక్క సంఘటన రాసుకోండి. ఎవరి పక్కన ఏమీ రాయలేకపోయారో ఆ మనిషి దగ్గరికి వెళ్లి, "ఈ ఏడాది నువ్వు చేసినవాటిలో నేను చూడనివి ఏమున్నాయి?" అని అడగండి. ఆ ఏడేళ్ల మనిషి తర్వాతి ఏడాది నా టీమ్‌కు వచ్చాడు. నేను అలా అడిగితే అరగంట మాట్లాడాడు. నా నోట్స్‌లో రెండు పేజీలు నిండాయి.